టెలివిజన్ వార్తారచన - తెలుగు వాక్యనిర్మాణము

వార్తను చదువుట వేరు, వినుట వేరు, దృశ్యమును చూచుచు వినుట వేరు. పత్రికాపాఠకుడు అర్థము కాని వాక్యమును మరల చదువుకొనగలడు. రేడియో శ్రోతకు ఆ వీలు లేకున్నను అతని దృష్టి మాటమీదనే నిలిచియుండును. టెలివిజన్ ముందు కూర్చున్నవాడు వెనుకకు మరలజాలడు. పైగా అతని మనస్సు సగము కంటిలోను సగము చెవిలోను ఉండును. ఇట్టి ప్రేక్షకునికి తెలుగున వార్త చెప్పుట యెట్లు? ఈ విద్య నేర్చుకొనువాడు ముందుగా తెలిసికొనవలసిన దేమి? తెలుగు వాక్యస్వభావము ఈ పనికి ఎంతవరకు అనుకూలించును, ఎచ్చట చిక్కు తెచ్చును? ఈ ప్రశ్నలను విచారించుట ఈ వ్యాసమున కుద్దేశము. ఉదాహరణములు తెలుగువే అయినను వీనిలో కొన్ని ఇతర ద్రావిడభాషలకును వర్తించును గనుక ఆయా భాషల పరిశోధకులు తమ భాషలతో పోల్చి చూచుకొందురని ఆశించుచున్నాను.

1. పూర్వరంగము

మన దేశమున టెలివిజన్ ప్రసారములు 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో ప్రయోగాత్మకముగా ప్రారంభమైనవి. 1965లో అచ్చట దైనందిన ప్రసారము లేర్పడినవి. తెలుగుపల్లెలకు టెలివిజన్ తొలుత వచ్చినది ఉపగ్రహము ద్వారా. 1975 ఆగస్టు 1 మొదలు 1976 జూలై 31 వరకు ఏ.టీ.ఎస్.-6 అను ఉపగ్రహము సాయమున ఆరు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు కార్యక్రమములు ప్రసారమైనవి. ఆంధ్రప్రదేశ్ ఆ ఆరింటిలో నొకటి. తెలుగు ఆ కార్యక్రమముల భాషలలో నొకటి. 1976లో దూరదర్శన్ ఆకాశవాణినుండి వేరుపడి ప్రత్యేకసంస్థ యైనది. 1977లో హైదరాబాదు కేంద్ర మేర్పడినది. 1983 నవంబరు 14న ఆ కేంద్రమునుండి శాంతిస్వరూప్ గారు తొలి తెలుగు వార్తలు చదివిరి. టెలిప్రాంప్టర్ లేని ఆ దినములలో వారు వార్తలను జ్ఞాపకమున నుంచుకొని చెప్పెడివారు. 1995లో ప్రైవేటు తెలుగు చానెళ్లు వచ్చినవి. 2004 నాటికి ఇరువదినాలుగు గంటల వార్తాప్రసారములు మొదలైనవి.

శిక్షణసంస్థల చరిత్రయు గమనింపదగినది. ఉస్మానియా విశ్వవిద్యాలయమున పత్రికారచనాశాఖ 1954లో ఏర్పడెను. ఢిల్లీలో భారతీయ జనసంచార సంస్థ 1965లో వెలసెను. టెలివిజన్ శిక్షణ విభాగము 1971లో ఢిల్లీలో మొదలై 1974లో పూనాలోని ఫిల్మ్ ఇన్‌స్టిట్యూటుకు తరలెను. కెమెరా, కూర్పు, ధ్వని మొదలగు విషయములలో ఇట్టి సంస్థలు చేసిన ఉపకారము చిన్నది కాదు. అయితే ఈ విద్యకు వాడుకలోనున్న నియమములలో పెక్కు ఆంగ్లవాక్యమును దృష్టియం దుంచుకొని యేర్పడినవి. వానిని తెలుగునకు తెచ్చునప్పుడు కొన్ని నిలుచును, కొన్ని నిలువవు. ఏవి నిలువవో తెలిసికొనుట భాషాశాస్త్రజ్ఞుల పని.

2. దృశ్యము ముందు, మాట వెనుక

విషయము స్పష్టమగుటకై ఒక వార్తను ఊహించుకొందము. తుపాను రానున్నది. విలేకరి కెమెరామనిషితో ఒక మత్స్యకారగ్రామమునకు వెళ్లినాడు. పడవలను ఒడ్డుకు లాగుచున్నారు. స్త్రీలు మూటలెత్తుకొని రోడ్డుమీద నడచుచున్నారు. టముకు వేయుచున్నారు. ఒక వృద్ధుడు, ఒక తహసీలుదారు కెమెరాముందు మాటాడినారు. వీనితో రెండు నిమిషములలోపల ముగియు వార్తాకథను తయారుచేయవలెను. వార్తాశాలలలో దీనిని ప్యాకేజీ యందురు. మాటాడినవారి మాటలను బైట్లు అందురు.

కొత్తవాడు సాధారణముగా చేయు తప్పు ముందు వ్యాసమువలె వ్రాసికొని, తరువాత దానిపై బొమ్మలు అతికించుట. క్రమ మిందుకు విరుద్ధముగా నుండవలెను. తీసిన దృశ్యమునంతయు ముందు చూడవలెను. ఏ దృశ్యము ఎన్ని సెకనులున్నదో వరుసగా వ్రాసికొనవలెను. దూరమునుండి తీసినది, నడుమనుండి తీసినది, దగ్గరగా తీసినది అని గుర్తింపవలెను. పిమ్మట కాగితమును నిలువుగా రెండుభాగములు చేసి ఎడమవైపున దృశ్యమును, కుడివైపున మాటను ఎదురెదురుగా నుంచవలెను. కుడివైపున మాటలేని చోట్లు కొన్ని తప్పక ఉండవలెను. టముకు చప్పుడు మూడు సెకనులు వినబడనిచ్చినచో, ఊరంతటికిని హెచ్చరిక అందినదను సంగతి వ్యాఖ్యానము లేకయే తెలియును.

మాటకు దృశ్యముతో గల సంబంధమేమి? స్త్రీలు మూటలతో నడచుచుండగా "మహిళలు మూటలు మోసుకుంటూ నడుస్తున్నారు" అని చెప్పుట వ్యర్థము; అది కన్ను చెప్పివేసినది. అదే సమయమున రాజధానిలో జరిగిన సమీక్షాసమావేశమును గూర్చి చెప్పుట అంతకంటె చెరుపు. కన్నొకదారి, చెవియొకదారి పట్టి రెండును దక్కకుండును. "పునరావాస కేంద్రం ఇక్కడికి మూడు కిలోమీటర్లు. ఈ ఊరికి ఇంకా ఒక్క బస్సు కూడా రాలేదు" అనినచో మాట దృశ్యమును ఆశ్రయించి, దృశ్యము చెప్పజాలని దానిని చెప్పుచున్నది. కంటికి కనబడనిదియు, కనబడుదానికి కారణమైనదియు మాటలో చెప్పవలయునని దీనిని సూత్రీకరింపవచ్చును.

ఇచ్చట తెలుగున ఒక సౌకర్యము కలదు. ఇకార అకార భేదముచే 'ఇది, అది', 'ఇక్కడ, అక్కడ', 'ఇప్పుడు, అప్పుడు' అను జంటలు మన భాషయందు స్పష్టముగానున్నవి. స్టూడియోలో నున్నవారు 'అక్కడ' యనుట, ఊరిలో నిలిచిన విలేకరి 'ఇక్కడ' యనుట చాలును. ప్రేక్షకునికి స్థలభేదము బోధపడును. అయితే 'ఇది' అన్న క్షణమున ఆ వస్తువు తెరమీద నుండితీరవలెను. 'ఈ పడవ' అనునప్పుడు రోడ్డు కనబడినచో వాక్యము అబద్ధమైపోవును. పూర్వపు తుపానునాటి దృశ్యమును వాడవలసివచ్చినప్పుడు అది పాతదని తెరమీద వ్రాయుట రచయితకు విధి. సముద్రము ఎంత పొంగినదో కంటితో చూచి ఇల్లు విడుచుటయో మానుటయో నిశ్చయించుకొనువారుందురు. వారికి పాత అలను కొత్త అలగా చూపుట ప్రమాదకరము.

3. కాలమును కొలుచుట

మన టెలివిజన్ పద్ధతియందు ఒక సెకనులో ఇరువదియైదు చిత్రములు గడచును. దృశ్యమును ఇంత సూక్ష్మముగా కొలుచునప్పుడు మాటకును కొలత కావలెను. ఆంగ్లమున సెకనుకు మూడు మాటలు అను స్థూలమైన లెక్క ప్రసిద్ధము. దీనిని తెలుగునకు యథాతథముగా తెచ్చిన నేమగునో చూతము.

"వరదనీటిలో చిక్కుకున్నవారిని పడవలమీద ఒడ్డుకు చేర్చారు." ఇందు మాటలు ఐదు, అక్షరములు ఇరువదియైదు. సెకనుకు మూడు మాటల చొప్పున దీనిని ఒకటిన్నర సెకనుకు కొంచె మెక్కువలో చదువవలెను. అనగా సెకనుకు పదునైదక్షరములు. ఏ పాఠకుని నాలుకకును ఇది సాధ్యము గాదు. సాధ్యమైనను ఏ శ్రోతకును అందదు. "ఈ ఊరికి ఇంకా ఒక్క బస్సు కూడా రాలేదు." ఇందు మాటలు ఏడు, అక్షరములు పదునైదే. మాటలు ఎక్కువైన ఈ వాక్యము మాటలు తక్కువైన మొదటిదానికంటె త్వరగా ముగియును. తెలుగున విభక్తిప్రత్యయములు, సర్వనామములు, సహాయక్రియలు ప్రకృతితో కలసిపోవుటయే దీనికి కారణము. హిందీయందు నామములతో విభక్తిచిహ్నములు విడిగా వ్రాయబడును గనుక అచ్చటి లెక్క మరొక విధముగా నుండును.

కావున తెలుగు వార్తారచయిత మాటలను గాక అక్షరములను లెక్కింపవలెను. ఛందస్సు తెలిసినవారికి ఇది కొత్త కాదు. చదువువాని వేగము అతనికి తెలియవలెను: తాను వ్రాసిన పంక్తులను గడియారము ముందుంచుకొని బిగ్గరగా చదివి, పది సెకనులలో ఎన్ని అక్షరములు తేటగా పలుకగలడో లెక్కించి, ఆ కొలతతోనే వ్రాయవలెను. మౌనముగా చదువుకొని కాలమును ఊహించువాడు తప్పక మోసపోవును.

4. క్రియ చివరనుండుట

తెలుగు వాక్యమున క్రియ చివర వచ్చును. దీనివలన గలుగు చిక్కులు రెండు. మొదటిది దీర్ఘవాక్యము. పత్రికలలో ఇట్టి వాక్యములు కనబడుచుండును: "బంగాళాఖాతంలో ఏర్పడి వాయవ్య దిశగా కదులుతూ తీవ్ర వాయుగుండంగా మారిన వాయుగుండం తుపానుగా బలపడే అవకాశం ఉన్నందున తీరప్రాంత గ్రామాల ప్రజలను సురక్షిత ప్రాంతాలకు తరలించేందుకు ఏర్పాట్లు పూర్తిచేయాలని కలెక్టరు అధికారులను ఆదేశించారు." క్త్వార్థకములు, శత్రర్థకములు, ధాతుజవిశేషణములు ఒకదానినొకటి అంటుకొని పోవుచున్నవి. కంటికి ఇది కష్టముగానైనను లొంగును. చెవికి లొంగదు. టెలివిజన్‌కు దీనిని విడదీయవలెను: "తీరప్రాంత గ్రామాల ప్రజలను సురక్షిత ప్రాంతాలకు తరలించబోతున్నారు. ఏర్పాట్లు పూర్తిచేయాలని కలెక్టరు ఆదేశించారు. బంగాళాఖాతంలోని తీవ్ర వాయుగుండం తుపానుగా బలపడవచ్చు. అది వాయవ్య దిశగా కదులుతోంది." విడదీయుటలో అర్థము మారరాదు. 'తరలించేందుకు ఏర్పాట్లు' అనుదానిని తొందరలో 'తరలించారు' అని కుదించినచో ఇంకను ఊరిలోనే యున్నవారిని గూర్చి అధికారులుకూడ నిశ్చింతగా నుందురు.

ఈ విడగొట్టుట తెలుగునకు పరాయిది గాదు. మన కథకులు "రాజు అడవికి వెళ్లాడు. వెళ్లి ఏంచేశాడు?" అని ముందటి క్రియనే మరల అందుకొని కథ నడుపుదురు. బుర్రకథలో వంతవాడు అందుకొనుటయు ఇట్టిదే. వినువానికి ఊపిరి తీసికొను చోటు చూపుట దీని ప్రయోజనము. వార్తలో ఇట్టి ప్రశ్నలు తగవు గాని, సర్వనామమునకు బదులు నామమునే మరల చెప్పుట, ఒక వాక్యమున ఒక్క సంగతినే చెప్పుట ఈ సంప్రదాయమునుండి నేర్చుకొనదగినవి.

రెండవ చిక్కు వ్యతిరేకార్థము. అదియు క్రియతోపాటు చివరనే వచ్చును. కూలిన ఇండ్లను చూపుచు "ప్రాణనష్టం జరిగినట్లు ఇప్పటివరకు సమాచారం లేదు" అనినచో, 'ప్రాణనష్టం జరిగినట్లు' అను భాగమును కూలిన ఇల్లు బలపరచును. 'లేదు' అను మాట వచ్చునప్పటికి మనస్సు నిశ్చయించుకొనియుండును. "ఇప్పటివరకు అందిన సమాచారంలో ప్రాణనష్టం లేదు" అనుట మేలు. పరిమితి ముందు వచ్చినది. నిషేధము నామమునకు దగ్గర చేరినది.

5. 'అని' అను అనుకారకము

పరులమాటను చెప్పునప్పుడు తెలుగున ఆ మాట ముందును, 'అని' తరువాతను, అన్నదెవరో దానికి సమీపముననో చివరనో వచ్చుట సామాన్యము. తమిళమున 'ఎన్ఱు', కన్నడమున 'ఎందు', మలయాళమున 'ఎన్ను' ఇట్లే మాటకు పిమ్మట వచ్చును. హిందీయందు 'కి' మాటకు ముందు వచ్చును. ఆంగ్లమునను చెప్పినవాని పేరును ముందుంచుట సులభము. ఈ భేదము టెలివిజన్ వార్తయందు న్యాయసంబంధమైన సమస్య యగుచున్నది.

"పునరావాస నిధులను గ్రామనాయకుడు వాడుకున్నాడని కొందరు గ్రామస్తులు ఆరోపించారు." ఈ వాక్యమున సగముకంటె అధికభాగము నిశ్చితసత్యమువలె వినబడును. ఆ భాగము వినబడునప్పుడే గ్రామనాయకుని ముఖము తెరపై నున్నచో, 'ఆరోపించారు' అను మాట ఆ ముద్రను తుడువజాలదు. అచ్చులో ఇట్టి ప్రమాదము కొంత తక్కువ; కన్ను వాక్యాంతమును ముందుగనే చూడగలదు. కావున "కొందరు గ్రామస్తుల ఆరోపణ ప్రకారం..." అని మొదలిడుట, ఆరోపణ వినబడునంతసేపు ఆరోపించువారినే చూపుట, ప్రత్యుత్తరము వచ్చినప్పుడు ప్రత్యుత్తరమిచ్చువానిని చూపుట నియమముగా పాటింపవలెను.

తెలుగున వినికిడిని తెలుపు 'అట' కలదు. 'వచ్చాడట' అనినచో తాను చూడలేదని వక్త ఒక్క అక్షరముతో తెలుపుచున్నాడు. ఇంత పొదుపైన సాధనము వార్తలో ఏల వాడరు? వార్తాస్వరమున అది సంశయమునో పరిహాసమునో ధ్వనింపజేయుటయే కారణమని తోచుచున్నది. ఈ విషయమున సవిస్తరమైన పరిశోధన జరుగవలసియున్నది.

6. క్రియలో మర్యాద

తెలుగుక్రియ మనుష్యుని పేర్కొనునప్పుడెల్ల ఒక తీర్పు చెప్పుచుండును. 'మంత్రి చెప్పారు', 'మత్స్యకారుడు చెప్పాడు' అని వ్రాయుట వార్తాశాలలలో అలవాటు. ఒకే ప్యాకేజీలో తహసీలుదారు బైటుకు 'వివరించారు', వృద్ధుని బైటుకు 'వాపోయాడు' అని వచ్చును. ఇద్దరును చెప్పినది తుపాను గూర్చియే. వృద్ధునికి తెలిసినది తక్కువయనియు చెప్పజాలము. నేరము మోపబడినవాని విషయమున ఇది మరింత తీవ్రము. 'నిందితుడు పారిపోయాడు' అను వాక్యమున ఏకవచనప్రత్యయమే శిక్షలో కొంతభాగమును అమలుచేయుచున్నది. న్యాయస్థానము ఇంకను విచారణ ప్రారంభింపలేదు.

స్త్రీల విషయమున తెలుగు మరొక చిక్కు తెచ్చును. చిన్నయసూరి బాలవ్యాకరణమున మహత్తు, మహతి, క్లీబము అను విభాగము ప్రసిద్ధము. ఏకవచనమున స్త్రీవాచకము క్రియయందు క్లీబముతో కలియును: 'ఆమె వచ్చింది', 'ఆవు వచ్చింది'. తమిళమునను కన్నడమునను స్త్రీకి ప్రత్యేకమైన క్రియారూపము కలదు. తెలుగు వార్తారచయితకు ఆ సౌకర్యము లేదు. 'వచ్చారు' అను గౌరవరూపమే మార్గము. కావున కెమెరాముందు పేరు చెప్పి మాటాడిన ప్రతివ్యక్తికిని, పదవినిగాని లింగమునుగాని విచారింపక, 'చెప్పారు' అనుటయే న్యాయమని నా అభిప్రాయము.

7. తీరము దాటుట

పారిభాషికపదముల నిర్ణయము విద్వాంసులకు వినోదము గావచ్చును. తుపానునాడు అది ప్రాణసమస్య. భారత వాతావరణశాఖ లెక్కలో గాలివేగము గంటకు 31 మొదలు 50 కిలోమీటర్ల వరకు నున్నచో వాయుగుండము, 51 మొదలు 62 వరకు తీవ్ర వాయుగుండము, 63 మొదలు 88 వరకు తుపాను. 'వాయుగుండం తీవ్ర వాయుగుండంగా మారింది' అను వాక్యము శాస్త్రరీత్యా నిర్దుష్టము. కాని వినువానికి కావలసినది వర్గనామముకాదు. గాలి ఏమిచేయును, ఎప్పటికి వచ్చును, తానేమి చేయవలెను అను మూడు సంగతులు. రచయిత వర్గనామమును విడువనక్కరలేదు. దాని వెంటనే ఈ మూడింటిని చెప్పవలెను.

'తుపాను తీరం దాటింది' అను మాట అందరికిని పరిచితము. సముద్రమునుండి భూమిమీదికి వచ్చినదని దీని యర్థము. కాని తెలుగున 'దాటుట' కష్టము గడచుటను గూడ తెలుపును. 'గండం దాటింది' అనుట మన వాడుక. తీరమున నున్నవానికి ఈ వాక్యము ఆపద పోయినదని తోపించుటకు అవకాశమున్నది. నిజమునకు అప్పుడే ఆపద తీవ్రము. తుపాను కేంద్రము ఊరిమీదుగా పోవునప్పుడు గాలి కొంతసేపు అణగి, పిమ్మట ఎదురుదిక్కునుండి మరల విజృంభించును. 1977 నవంబరు 19న దివిసీమను ముంచి వేలకొలది ప్రాణములను గొన్న ఉప్పెన తుపాను తీరమును చేరుటతోడనే వచ్చినది. కావున "తుపాను భూమిమీదికి వచ్చింది. గాలి తగ్గినట్లు కనిపించినా బయటికి రావద్దు. ఎదురు దిక్కు నుంచి మళ్లీ గాలి వీస్తుంది" అని చెప్పుట శ్రేయస్కరము. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును తాకినప్పుడు నగరమున విద్యుత్తు పోయినది. తుపాను వచ్చిన పిదప అచ్చటివారికి టెలివిజన్ అందదు; చెప్పవలసినదంతయు ముందే, ఒక్కమారు విన్న తెలియునట్లు చెప్పియుండవలెను.

8. చేయవలసిన పని

వ్యావహారికభాషకై గిడుగు రామమూర్తిగారు చేసిన పోరాటము గ్రంథస్థమైన భాషను గూర్చినది. తాపీ ధర్మారావుగారు 'జనవాణి' పత్రికను వ్యావహారికమున నడిపి ఆ భాషను వార్తలోనికి తెచ్చిరి. పలుకబడిన వార్తకు తగిన వ్యాకరణము మాత్రము ఇంకను వ్రాయబడవలసియున్నది. వీ6 చానెల్ 'తీన్మార్' వార్తలు తెలంగాణ పలుకుబడిలో సాగి జనాదరము పొందుట, ఏ తెలుగున వార్త చెప్పవలెనను ప్రశ్న ఇంకను సజీవముగా నున్నదని చూపుచున్నది.

మన శాఖలు చేయదగిన పనులు మూడు కలవు. ప్రసారమైన వార్తల వ్రాతప్రతులను దృశ్యములతోసహా సేకరించి భద్రపరచుట. చదువరుల అక్షరవేగమును కొలిచి ఒక ప్రమాణ మేర్పరచుట. తీరగ్రామములలోను మెట్టపల్లెలలోను వార్తలు వినిపించి, ఏ మాట ఎట్లర్థమైనదో అడిగి తెలిసికొనుట. మూడవది అన్నింటికంటె ముఖ్యము. వార్త సరిగా వ్రాయబడినదా యను ప్రశ్నకు సమాధానము దానిని విని ఇల్లు విడిచినవానియొద్దను, విడువనివానియొద్దను కలదు. వారి నడుగకుండ మనము వ్రాయు నియమములు అసంపూర్ణములే.